ఆరోగ్యం ఒంట్లోనే ఉంటుందా?

ఈ పాఠం మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. గడచిన ఏడాదిలో మీ ఇంట్లో ఎవరెవరికి జబ్బు చేసిందో ఒక కాగితం మీద రాయండి. ప్రతి పేరుకు ఎదురుగా కారణం కూడా రాయండి. మీలో చాలామంది "ఎండదెబ్బ", "దోమ కుట్టింది", "నీళ్ళు పడలేదు" అని రాసి ఉంటారు. అందులో తప్పేమీ లేదు. ఆ కాగితాన్ని దగ్గర ఉంచుకొని పాఠం చదవండి.

ఆరోగ్య పాఠాలు సాధారణంగా చేతులు కడుక్కోమని, ఆకుకూరలు తినమని, దోమతెర కట్టుకోమని చెబుతాయి. ఇలాంటి పాఠాలు మేమూ రాశాము. అవి అవసరమే. కాని వాటిని చదివితే, జబ్బు చేసిన ప్రతి మనిషిదీ ఏదో తప్పు ఉన్నట్లు తోస్తుంది. నిజం అంత సులువు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1948లో ఏర్పడినప్పుడే, ఆరోగ్యమంటే రోగం లేకపోవడం మాత్రమే కాదని, శరీరం, మనసు, సాంఘిక జీవనం మూడూ బాగుండటమని తన నిబంధనావళిలో రాసుకొంది. ఈ మూడవ మాటకు అర్థమేమిటో ఒక ప్రాంతాన్ని చూసి తెలుసుకొందాం.

తర్లగూడ ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా ఊరు. ఒకప్పుడు ఉమ్మడి బస్తర్ జిల్లాలో ఉండేది. తెలంగాణ వైపు నుండి 163వ జాతీయ రహదారి మీద వెళితే, టేకులగూడెం దాటాక సరిహద్దుకు అవతల వస్తుంది. అక్కడ తెలుగు, కోయ, హిందీ మూడూ వినిపిస్తాయి. బీజాపూర్ జిల్లా పల్లెల నుండి ఏటా మిరప పంట కాలంలో ఎందరో కూలీలు సరిహద్దు దాటి గోదావరి తీర గ్రామాలకు మిరపకాయలు ఏరడానికి వస్తారు.

2020లో అలా వచ్చినవారిలో 12 ఏళ్ల బాలిక ఒకరు. ములుగు జిల్లా పేరూరు ప్రాంతంలోని మిరప చేలలో పని చేసింది. మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. పనులు ఆగాయి, బస్సులు లేవు. ఏప్రిల్ 14న గడువును మళ్ళీ పొడిగించారు. ఆ తరువాత తోటి కూలీలతో కలిసి ఆమె ఇంటికి నడక ప్రారంభించింది. పెద్ద రోడ్డును తప్పించుకొని అడవి దారిన మూడు రోజులు నడిచారు. ఏప్రిల్ 18న, సొంత ఊరు ఇంకా కొద్ది కిలోమీటర్లే ఉందనగా, ఆ బాలిక మరణించింది. పరీక్ష చేస్తే కరోనా లేదని తేలింది. ఒంట్లో నీరు, లవణాలు తగ్గిపోవడమే కారణమై ఉంటుందని వైద్యాధికారులు చెప్పారు.

ఇది శరీరంలో ఎలా జరుగుతుందో చూడండి. చెమటతో నీరే కాదు, ఉప్పు కూడా పోతుంది. సోడియం, పొటాషియం వంటి లవణాలు సరైన పాళ్ళలో ఉంటేనే కండరాలు కదులుతాయి, గుండె క్రమంగా కొట్టుకొంటుంది. లవణాలు బాగా పోయినప్పుడు ఒట్టి నీళ్ళు ఎన్ని తాగినా చాలదు. లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి తాగాలి. చెంచా అంటే టీ చెంచా. గోపురంగా కాకుండా సమంగా నింపాలి.

ఇప్పుడు ఆలోచించండి. ఆ పిల్లకు ఈ కొలతలు తెలిసి ఉంటే సరిపోయేదా? అడవిలో పంచదార ఎక్కడిది? బస్సు ఉంటే ఆ నడకే ఉండేది కాదు. పని ఆగినా చేను దగ్గర తిండికి, ఉండటానికి భరోసా ఉంటే బయలుదేరేవారే కాదు. ఇంకా వెనక్కి వెళ్ళండి. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుండి 14 ఏళ్ల పిల్లలు బడిలో ఉండాలి. ఆమె కూలికి ఎందుకు రావలసి వచ్చింది? వైద్యులు చెప్పిన కారణం ఒకటి. దాని వెనుక ఉన్నవి నాలుగైదు. మీలో కొందరు ఇదే వయసులో బడి మాని పనికి వెళ్ళి ఉంటారు కనుక ఈ లెక్క మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఒకరి ఆరోగ్యం పొరుగువారి మీద కూడా ఆధారపడుతుంది. బస్తర్ ప్రాంతంలో మలేరియా పాత శత్రువు. జ్వరం వచ్చినవారికి మందిస్తే చాలదా అని మీరు అడగవచ్చు. 2020 జనవరిలో మొదలైన "మలేరియా ముక్త్ బస్తర్" కార్యక్రమంలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి వెళ్ళి, జ్వరం ఉన్నా లేకపోయినా అందరికీ రక్తపరీక్ష చేశారు. మలేరియా ఉన్నట్లు తేలినవారిలో సగానికి పైగా జ్వరం వంటి లక్షణాలేవీ లేనివారే. పదేపదే మలేరియా వచ్చిన పెద్దవారి శరీరం ఆ క్రిమికి కొంత అలవాటు పడుతుంది. వారు పొలానికి వెళతారు, సంతకు వెళతారు. కాని వారిని కుట్టిన దోమ పక్కింటి పసిబిడ్డనో, గర్భిణినో కుడితే ప్రమాదం. మీ దోమతెరకు చిరుగు లేకపోయినా, పక్క గుడిసెలో పరీక్ష జరగకపోతే మీకూ రక్షణ తక్కువే.

ఇక నీరు. భోపాలపట్నం ప్రాంతంలోని గెర్రాగూడ గ్రామంలో ఫ్లోరైడ్ వల్ల పళ్ళు, ఎముకలు దెబ్బతిన్న విషయం పత్రికలలో వచ్చింది. నల్లగొండ జిల్లా వారికి ఈ బాధ కొత్త కాదు. బావి నీరు మురికిగా ఉంటుందని బోరు వేస్తాం. భూమి లోపలి రాళ్ళలోని ఫ్లోరైడ్ ఆ నీటిలో కరిగి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. కాచినా పోదు, నీరు ఆవిరయ్యేకొద్దీ మిగిలిన నీటిలో ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు. ఎంత శుభ్రత పాటించే ఇల్లాలైనా ఇక్కడ ఒంటరిగా చేయగలిగేది లేదు. వేరే చోటి నుండి మంచి నీరు రావాలి, లేదా శుద్ధి చేసే ఏర్పాటు ఉండాలి.

రోడ్డు సంగతి క్లుప్తంగా చెబుతాం. ఏటూరునాగారం దగ్గర గోదావరి మీద ముల్లకట్ట వంతెన 2016లో ప్రారంభమైంది. తర్లగూడ వైపు నుండి వరంగల్ పెద్దాసుపత్రికి దారి సులువైంది. అయినా పెద్ద వరదలు వచ్చినప్పుడు టేకులగూడెం వద్ద రోడ్డు మునుగుతుంది. ఆ రోజుల్లో పురుడు వస్తే? వంతెన, కల్వర్టు కూడా ఆరోగ్య విషయాలే అని మా అభిప్రాయం.

మీ కాగితాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకోండి. ప్రతి కారణం పక్కన "దాని వెనుక ఏముంది?" అని రాసి, నీరు, పని, దారి, పొరుగు అనే నాలుగింటిలో ఏది తగిలితే అది గుర్తించండి. "నీరు" అని వచ్చినవారు మీ పంచాయతీలో నీటి పరీక్ష కిట్ ఉందేమో అడగండి. జల్ జీవన్ మిషన్ కింద గ్రామానికి ఐదుగురు మహిళలకు ఈ పరీక్షలో శిక్షణ ఇవ్వాలని ఏర్పాటు ఉంది. శుభ్రమైన సీసాను అదే బోరు నీటితో రెండు మూడుసార్లు కడిగి, నిండుగా పట్టి, బోరు ఉన్న చోటు, తేదీ చీటీ మీద రాసి అంటించి ఇవ్వండి.