మీకు తెలుసా? ఈ ఓడల వేటగాడి సమాధిని సముద్రం మింగేసింది!

వేల్స్‌లోని ఓ పరువుగల కుటుంబంలో 1635 ప్రాంతంలో పుట్టిన హెన్రీ మోర్గాన్, కరీబియన్ సముద్రంలో స్పెయిన్‌ను గడగడలాడించాడు. జమైకా గవర్నరు ఇచ్చిన అనుమతి పత్రం ఉండేది కాబట్టి ఇంగ్లండ్ దృష్టిలో ఆయన దొంగ కాదు. ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న స్పెయిన్ వాళ్లకు ఆ తేడా ఎక్కడిది? 1668లో స్పెయిన్ రేవు పట్టణం పోర్టోబెలోను కొల్లగొట్టాడు. 1671లో పనామా నగరం మీద పడ్డాడు. కానీ అంతకు ముందే, 1670లోనే, రెండు దేశాలకూ సంధి కుదిరింది! ఆయన్ను బంధించి లండన్‌కు పంపారు. శిక్ష పడలేదు సరికదా, 1674లో రాజు రెండవ చార్లెస్ ‘సర్’ బిరుదిచ్చి, జమైకాకు లెఫ్టినెంట్ గవర్నరుగా తిప్పి పంపాడు.

ఆయన దాడుల్లోని క్రూరత్వాన్ని ఎక్స్‌క్వెమెలిన్ అనే సహచరుడు పుస్తకంగా రాశాడు. ఇంగ్లిషు అనువాదం రాగానే మోర్గాన్ ప్రచురణకర్తల మీద పరువునష్టం దావా వేసి, 200 పౌండ్ల పరిహారం గెలుచుకున్నాడు. ఆ పుస్తకంలో, కరీబియన్‌కు కూలి ఒప్పందం మీద వచ్చాడన్న మాట ఆయన్ను బాగా నొప్పించింది. అదే మనిషి చెరకు తోటల్లో వందమందికి పైగా బానిసలు చాకిరీ చేశారు. వాళ్ల పరువు గురించి దావా వేసినవాళ్లు లేరు.

1688 ఆగస్టు 25న, మితిమీరిన తాగుడుతో పాడైన ఒంటితో మోర్గాన్ కన్నుమూశాడు. జమైకాలోని పోర్ట్ రాయల్ పట్టణం పక్కన పాలిసాడోస్ ఇసుక మేటలోని శ్మశానంలో, ఫిరంగుల వందనంతో, ప్రభుత్వ లాంఛనాలతో పూడ్చిపెట్టారు. నాలుగేళ్లు తిరక్కుండానే, 1692 జూన్ 7న వచ్చిన భూకంపానికి పోర్ట్ రాయల్‌లో చాలా భాగం నీళ్లలోకి జారిపోయింది. ఆ శ్మశానమూ దాంతోపాటే పోయింది. మోర్గాన్ సమాధి ఇంతవరకూ దొరకలేదు.