మాక్రో లెన్స్ కొనేముందు...

గల్ఫ్‌లో చలికాలం సెలవురోజు పొద్దున్నే క్యాంపు వెనకాలకెళ్తే చీమలు, సాలీళ్లు, ముళ్లపొదల మీద మంచుబొట్లు. కెమెరా ఉన్నోళ్లకు పండగే. కానీ మాక్రో లెన్స్ అంటే మనలో చాలామందికి నెల జీతం పైమాటే. ఇంటికి పంపాల్సిన డబ్బు కాబట్టి ఆచితూచి కొనాలి.

మొదట చూడాల్సింది 1:1 అనే అంకె. అంటే 10 మిల్లీమీటర్ల చీమ సెన్సార్ మీదా 10 మిల్లీమీటర్లు పడుతుంది. పేరుకి మాక్రో అని రాసున్నా 1:4 దగ్గరే ఆగిపోయే జూమ్‌లు ఉన్నాయి, జాగ్రత్త.

రెండోది దూరం. 60 ఎం.ఎం. లెన్స్‌తో 1:1 తియ్యాలంటే బాగా దగ్గరికి పోవాలి. పురుగు ఎగిరిపోతుంది, మన నీడా పడుతుంది. 100 ఎం.ఎం. అయితే సుమారు 15 సెంటీమీటర్ల నుంచే తియ్యొచ్చు. పువ్వులకు, సైట్‌లో కాంక్రీటు పగుళ్ల పక్కన స్కేలు పెట్టి తియ్యడానికి 60 చాలు. పురుగులకు 100 మేలు.

ఇంత దగ్గర్లో ఎఫ్/8 పెట్టినా స్పష్టంగా వచ్చేది దాదాపు ఒక్క మిల్లీమీటరే. కనుక ఆటోఫోకస్ కన్నా ట్రైపాడ్, ఓపిక ముఖ్యం. పాత మాన్యువల్ లెన్స్ అయినా పనికొస్తుంది. టార్చి వేసి లోపల ఫంగస్ ఉందేమో చూసి తీసుకోండి.

అంత డబ్బు లేదా? ఎక్స్‌టెన్షన్ ట్యూబులున్నాయి. లోపల అద్దం ఉండదు కాబట్టి చవక. 50 ఎం.ఎం. లెన్స్‌కు 50 ఎం.ఎం. ట్యూబులు తగిలిస్తే 1:1 వచ్చేస్తుంది. వెలుతురు మాత్రం రెండు స్టాపులు తగ్గుతుంది.

ఒక చలికాలమంతా వాటితో తియ్యండి. అప్పటికీ మోజు తీరకపోతే లెన్స్ కొనొచ్చు.