నూనెతో లెక్కలు వేసే గేరుబాక్సు

కార్లలోకి కంప్యూటరు రాకముందే, ఏ గేరు ఎప్పుడు పడాలో తనంతట తానే తేల్చుకునే యంత్రం ఒకటి అమెరికా రోడ్లెక్కింది. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో జనరల్ మోటార్స్ పెట్టిన హైడ్రామాటిక్ అది. ఆ పని నడిపించిన ఇంజనీరు ఎర్ల్ థాంప్సన్. గేర్లు గరగరలాడకుండా పడేలా చేసిన సింక్రోమెష్ కూడా ఆయనదే. గేరు మార్చడం సులువు చేసినవాడే చివరికి డ్రైవరుకు ఆ పనే లేకుండా చేశాడు! క్లచ్ పెడల్ అవసరం తప్పించిన ఫ్లూయిడ్ కప్లింగ్‌కి మాత్రం మూలం జర్మనీలో ఉంది. హెర్మన్ ఫోటింగర్ ఓడల కోసం చేసిన ఆలోచన అది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక హైడ్రామాటిక్ స్టూవర్ట్ ట్యాంకుల్లోకీ వెళ్లింది.

దాని వారసుల్లో 1969 మోడళ్లతో వచ్చిన మూడు గేర్ల టర్బో హైడ్రామాటిక్ 350 మెకానిక్కులకు బాగా పరిచయం. దానికి తెలిసే కబుర్లు ప్రధానంగా రెండే. బండి వేగం ఎంతో గవర్నర్ చెబుతుంది: షాఫ్టు తిరిగేకొద్దీ దాని బరువులు బయటికి విచ్చుకుని నూనె ఒత్తిడి పెంచుతాయి. ఇంజను మీద భారం ఎంతో మాడ్యులేటర్ చెబుతుంది. ఇది ఇంజను వాక్యూమ్‌కి రబ్బరు గొట్టంతో కలిపిన చిన్న డబ్బా. యాక్సిలరేటర్ తొక్కితే వాక్యూమ్ పడిపోతుంది, ఇటు ఒత్తిడి పెరుగుతుంది. వాల్వ్ బాడీలో ఒక వాల్వును ఈ రెండు ఒత్తిళ్లూ చెరోవైపు నుంచి నెడతాయి. వేగానిది పైచేయి అయినప్పుడు పై గేరు పడుతుంది. మెల్లగా నడిపితే త్వరగా, గట్టిగా తొక్కితే ఆలస్యంగా గేరు మారేది అందుకే.

పాత బండి గేరు సరిగా మార్చడం లేదంటే, బాక్సు బాగానే ఉండి దానికి తప్పుడు కబురు అందుతూ ఉండవచ్చు. దింపి విప్పేద్దామనే తొందర ఇక్కడే ఖరీదైపోతుంది.

ముందు నూనె చూడాలి. చాలా బండ్లలో ఇంజను వేడెక్కి, నడుస్తూ ఉండగా, సమతలం మీద, పార్క్‌లో పెట్టి కొలవాలి. మట్టం తగ్గితే పంపు గాలి పీల్చుకుని గేరు జారుతుంది. ఎర్రగా ఉండాల్సిన నూనె గోధుమరంగుకు తిరిగి మాడు వాసన కొడితే క్లచ్ ప్లేట్లు కాలినట్టే. పాలు కలిసిన గులాబీ రంగులో ఉంటే రేడియేటర్ లోపలి కూలర్ నుంచి నీళ్లు చేరాయన్నమాట, అది నిజంగానే పెద్ద జబ్బు.  

నూనె శుభ్రంగానే ఉందా? ఎంత వేగం పట్టినా మొదటి గేరు వదలకపోతే గవర్నర్ మీద అనుమానపడాలి. దాన్ని తిప్పే ప్లాస్టిక్ చక్రం పళ్లు అరిగిపోవడం మామూలే. గేర్లు ఆలస్యంగా, ధడేలుమని పడుతుంటే ఆ రబ్బరు గొట్టం పగిలిందేమో తడిమి చూడాలి. వాక్యూమ్ అందకపోతే, బండి ఖాళీగా వెళుతున్నా ఘాటు రోడ్డు ఎక్కుతోందనుకుంటుంది బాక్సు.

కింద చుక్క కారకుండానే నూనె తగ్గుతూ, పొగగొట్టంలోంచి తెల్లటి పొగ వస్తుంటే మాడ్యులేటర్ డబ్బాలోని పొర చిరిగి ఇంజనే నూనె తాగుతూ ఉండవచ్చు. దాని రబ్బరు గొట్టం ఊడదీసి చూస్తే లోపల ఎర్రగా తడి తగులుతుంది. బాక్సు దించనక్కర్లేదు, బయటి నుంచే ఒక్క బోల్టు విప్పితే మాడ్యులేటర్ చేతిలోకి వస్తుంది.