ఏల్, లాగర్: తేడా ఎక్కడ?

బీరును రంగునుబట్టి విభజించడం కొత్తవారు సాధారణంగా చేసే పొరపాటు. అసలు తేడా ఈస్టులో ఉంది. ఏల్ ఈస్టు సుమారు 15-24 డిగ్రీల సెల్సియస్ వద్ద త్వరగా పులియబెట్టి పైకి తేలుతుంది. పండ్ల వాసన దానివల్లే. లాగర్ ఈస్టు 7-13 డిగ్రీల చలిలో నిదానంగా పనిచేసి అడుగుకు దిగుతుంది. (దోసెల పిండి వేసవిలో ఎంత తొందరగా పొంగుతుందో మీకు తెలిసిందే.) 1842లో పిల్సెన్ పట్టణంలో యోసెఫ్ గ్రోల్ చేసిన బంగారు రంగు లాగరే పిల్స్నర్‌కు మూలం.

స్టౌట్ కూడా ఏలే. దాని నలుపు బాగా వేయించిన బార్లీది, ఆల్కహాలుది కాదు. గిన్నిస్ డ్రాట్‌లో ఆల్కహాలు 4 శాతం పైచిలుకు మాత్రమే. మన దుకాణాల్లో ‘స్ట్రాంగ్’ పేరుతో దొరికే లేత రంగు లాగర్లలో 8 శాతం దాకా ఉంటుంది. అంటే 650 మి.లీ. సీసాలో 52 మి.లీ. ఆల్కహాలు. రంగు ఈ లెక్క చెప్పదు. సీసామీది చీటీ చెబుతుంది.