ముక్కాలిపై నిలిచిన కొలత

నెల్లూరుసీమలో సముద్రమునకు చేరువగా విడవలూరు గ్రామమున్నది. రోహిణికార్తె ఎండలకు రోళ్ళు పగులునన్న మాట అచ్చటివారికి అతిశయోక్తిగా తోచదు. 20 డిగ్రీల వేడిలో సరిగా ఒక మీటరు పొడవుండు ఉక్కుబద్దను, నీడనే 42 డిగ్రీలున్న వేసవి మధ్యాహ్నమున ఆ యూరి బడి వసారాలో నుంచితిమనుకొందము. కొంతసేపటికి అది ఇంచుమించు మిల్లీమీటరులో నాలుగవవంతు పెరుగును. వడ్రంగి ఆ పెరుగుదలను లక్ష్యపెట్టడు. కాని విమానపు ఇంజనులకు భాగములు చేయువారు మిల్లీమీటరులో వేయవవంతును మైక్రాను అని లెక్కింతురు. వారి లెక్కలో బద్ద 250 మైక్రానులు తప్పినది. పొడవులన్నిటిని 20 డిగ్రీలవద్దనే చెప్పవలెనని 1931లో అంతర్జాతీయ నిర్ణయము జరిగినది ఇందుకే.

వేడిని అదుపులో నుంచవచ్చును. కొలుచువాని చేతిని అదుపులో నుంచుట యెట్లు?

వస్తువుల ఉపరితలములను కొలుచుటకు పెద్ద కర్మాగారములలో ఒక యంత్రమున్నది. దాని బాహువు పొడవు, వెడల్పు, ఎత్తు అను మూడు దిశలలో కదలును. ఎంత కదలినదియు సన్నని గీతల కొలబద్దలు తెలుపును. బాహువు కొనయందు కెంపుగుండు పొదిగిన చిన్న పుల్ల యుండును. దీనిని ప్రోబు అందురు. తొలిదినములలో ప్రోబు బిగువుగా, కదలిక లేక యుండెడిది. దానిని చేతితో వస్తువునకు ఆనించి అంకెలు వ్రాసికొనెడివారు. దిమ్మెలవంటి వస్తువులకు అది చాలెను.

ధ్వనికంటె వేగముగా ఎగిరిన కాంకార్డు విమానపు ఒలింపస్ ఇంజనులో సన్నని ఇంధనపు గొట్టములుండెను. బ్రిస్టలులో రోల్స్ రాయిస్ వారు వానిని కొలువబోగా ప్రోబు తాకిడికే గొట్టము వంగెడిది. వచ్చిన కొలత వంగిన గొట్టముదే కాని అసలు గొట్టముది కాదు! 1972లో అచ్చటి ఇంజనీరు డేవిడ్ మెక్‌మర్ట్రీ తన యింటివద్దనే ఈ చిక్కు విప్పెను.

ఆయన యుక్తి మన బడులలో నల్లబల్లను మోసిన ముక్కాలిని తలపించును. నాలుగుకాళ్ళ బల్ల ఎగుడుదిగుడు నేలపై కుంటును, ముక్కాలి కుంటదు. పుల్లకు పైన మూడు చిన్న కడ్డీలమర్చి, ఒక్కొక్క కడ్డీని రెండేసి గుండ్ల నడుమ నుంచి, మెత్తని స్ప్రింగుతో అదిమినారు. కడ్డీల గుండా, గుండ్ల గుండా విద్యుత్తు ప్రవహించుచుండును. కెంపుగుండు వస్తువును తాకగానే ముక్కాలి ఒకింత ఒరగును. విద్యుత్తునకు అడ్డు పెరుగును. ఆ క్షణముననే యంత్రము మూడు కొలతలను నమోదు చేసికొని వెనుకకు తగ్గును. స్ప్రింగు ముక్కాలిని యథాస్థానమున కూర్చుండబెట్టును. నేటి ప్రోబులలో ఆ తిరిగివచ్చుటలోని తేడా సుమారు ఒక మైక్రానునకు మించదు.

ఐనను అంకెలను గుడ్డిగా నమ్మరాదు. యంత్రమునకు తెలిసినది కెంపుగుండు కేంద్రముండు చోటు; వస్తువును తాకినది గుండు అంచు. నడిమి వ్యాసార్ధమును తీసివేయవలెను. ఏటవాలు తలమైనచో ఏ దిశగా తీసివేయవలెనో తెలియుటకు పొరుగు బిందువులను గూడ తాకిచూడవలెను. (రేఖాగణితము దేనికని అడుగు విద్యార్థికి ఉపాధ్యాయుడు ఈ గుండును చూపవచ్చును.)

ఇట్టి సూక్ష్మమైన పనులు నేర్పుటకు హైదరాబాదు బాలానగరులో 1968లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వెలసినది. పదవతరగతి ముగించినవారు ప్రవేశపరీక్ష వ్రాసి అచ్చట డిప్లొమాలో చేరవచ్చును. ఎక్కడి కొలతగదిలోనైనను పద్ధతి ఒకటే: బయటి వేడినుండి తెచ్చిన ఉక్కుముక్కను వెంటనే యంత్రముపై నుంచరు. 20 డిగ్రీల గదిలో, అది గదియంత చల్లనగువరకు, గంటలతరబడి ఊరక ఉంచుదురు.