పద్యానికి సింటాక్స్ హైలైటింగ్

సీ ప్రోగ్రామ్‌లో కీవర్డ్‌కి ఒక రంగు, కామెంట్‌కి ఇంకో రంగు పడతాయి కదా. అదే పని పద్యానికీ చేయించొచ్చు. మా తాతయ్య చేత్తో రాసుకున్న పద్యాల నోటుబుక్కు టైప్ చేయడానికి నేను చేశాను. ఆయనకి చూపు తగ్గింది, ప్రూఫులు చూడలేరు. నేనేమో ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న బాపతు, గణాలు ఎప్పుడో మర్చిపోయా. తప్పులు పట్టే పని ఎడిటర్‌కే అప్పజెప్పాను.

వీఎస్ కోడ్‌లో దీనికి మూడు ఫైళ్లు కావాలి. ప్యాకేజ్ జేసన్‌లో కొత్త ఫైల్ ఎక్స్‌టెన్షన్‌నీ, దానికి ఏ గ్రామర్ వాడాలో అదీ చెబుతాం. గ్రామర్ ఫైల్‌లో ఒక్కో రెజెక్స్‌కి ఒక పేరు పెడతాం, దాన్నే స్కోప్ అంటారు. సెట్టింగ్స్ జేసన్‌లో టోకెన్ కలర్ కస్టమైజేషన్స్ కింద ఆ పేరుకి రంగు ఇస్తాం. నేను గురువుకి ఎరుపు, లఘువుకి నీలం ఇచ్చా.

అసలు పని రెజెక్స్‌లోనే. మన కంటికి 'స్త్రీ' ఒక్కటే అక్షరం. యూనికోడ్‌లో ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. కాబట్టి హల్లు, ఒత్తులు, గుణింతం, సున్నా అన్నీ కలిపి ఒకే టోకెన్‌గా పట్టుకోవాలి. దీర్ఘం, ఐత్వం, ఔత్వం, సున్నా, విసర్గ, చివర పొల్లు ఉంటే గురువు. వెనక సంయుక్తాక్షరం ఉన్నా గురువే, దానికి లుక్‌అహెడ్ వాడాలి. ఈ రూల్ ముందు రాస్తే చాలు, రెండూ ఒకేచోట సరిపోతే ఎడిటర్ ముందున్నదే తీసుకుంటుంది. మిగిలినవన్నీ లఘువులు.

వట్రసుడి దగ్గర మనలో చాలామందిమి తప్పు చేస్తాం. 'అమృతం'లో 'మృ' సంయుక్తం కాదు, 'అ' లఘువే. యూనికోడ్‌లో వట్రసుడి అచ్చు గుర్తే కాబట్టి ఎడిటర్‌కి ఆ పొరపాటు రాదు. ఫోన్‌లో టైప్ చేసిన పద్యాలు మాత్రం ఒక రాత్రంతా తిన్నాయి. పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అని కనబడని క్యారెక్టర్ ఒకటి కూర్చుంది. దాన్నీ రెజెక్స్‌లో కలపాల్సొచ్చింది.

ఒక ఉత్పలమాలలో ఎరుపు ఉండాల్సిన చోట నీలం వచ్చింది. భ ర న భ భ ర వ, పాదానికి ఇరవై అక్షరాలు. లెక్క సరిపోయింది, రంగు సరిపోలేదు. తాతయ్యదే తప్పేమో అనుకుని, భయం భయంగా ఫోన్ చేసి పాదం చదివా.

"సుజన, ప్రియుడై అని విడగొట్టి చదువుతావేంట్రా? అది సమాసం" అన్నారు.

నేను మధ్యలో స్పేస్ కొట్టాను. విడి మాటలైతే 'న' లఘువు. సమాసమైతే 'ప్రి' వల్ల గురువు. రెజెక్స్‌కి సమాసం తెలీదు, స్పేస్ ఒక్కటే తెలుసు. స్పేస్ తీశా, 'న' ఎర్రబడింది.

ఇంకో లోపం మిగిలే ఉంది. టెక్స్ట్‌మేట్ గ్రామర్ ఒక్కో లైనే చదువుతుంది. సమాసం పాదం దాటి, కింది పాదం సంయుక్తాక్షరంతో మొదలైతే పైపాదం చివరి అక్షరం నీలంగానే ఉండిపోతుంది. అలాంటివి ఇప్పటికీ తాతయ్యకి ఫోన్‌లోనే చదివి వినిపిస్తున్నా.