జెట్ త్రోయును, రెక్క ఎత్తును

హుజూర్‌నగర్ శాసనసభ్యుడుగా 2009 నుండి పలుమారు ఎన్నికైన ఉత్తమ్ కుమార్ రెడ్డి అంతకు పూర్వము భారత వైమానికదళములో యుద్ధవిమానములు నడిపినవారు. వానిలో మిగ్-21, మిగ్-23 అను జెట్ విమానములు కలవు. విమానమెట్లు ఎగురునో తెలియుటకు ఈ రెండింటి రెక్కలను పోల్చి చూచుట చాల ఉపయోగకరము.

జెట్ యంత్రమే విమానమును పైకెత్తునని పలువురు తలతురు. అది ముందుకు త్రోయును, అంతే. లోనికి వచ్చిన గాలిని కంప్రెసరు అదుమును. అందులో కిరోసిన్ వంటి ఇంధనము మండును. వేడి వాయువులు టర్బైనును త్రిప్పి, తోకనుండి మహావేగముతో వెలువడును. ఆ టర్బైనే కంప్రెసరును త్రిప్పును. మట్టపల్లి వద్ద కృష్ణలో తెడ్డుతో నీటిని వెనుకకు నెట్టినచో పడవ ముందుకు పోవును గదా! ఇక్కడను పనిచేయునది న్యూటను మూడవ సూత్రమే.

ఎత్తు పని రెక్కది. రెక్క పైభాగము వంపుగా ఉండును గనుక పైగాలికి దూరమెక్కువ, క్రిందిగాలితోపాటే వెనుక అంచు చేరుటకై అది వేగముగా పోవునని కొన్ని పుస్తకములు చెప్పును. ఇది సరికాదు. రెండును ఒకేసారి చేరవలెనను నియమమేదియు లేదు. పైగాలి ముందే చేరునని ప్రయోగములు చూపినవి. పైగా, తలక్రిందులుగా ఎగురు విమానము మాటేమి? ముందంచు కొద్దిగా పైకెత్తియున్న రెక్క, తన్ను దాటు గాలిని క్రిందికి మళ్లించును. రెక్కపైన పీడనము తగ్గును, క్రింద అంతకంటె ఎక్కువ యుండును. తరగతిలో విద్యుత్ పంకా ఎదుట అట్టముక్కను ఏటవాలుగా పట్టి చూచినచో చేతికే తెలియును.

ఈ బలము వేగపు వర్గమునుబట్టి మారును. వేగము సగమైనచో బలము నాల్గవ వంతే. మిగ్-21 కష్టమంతయు ఇందే యున్నది. దాని త్రిభుజాకారపు కురచ రెక్కలు కొసనుండి కొసకు 7 మీటర్లకు కొంచెమే ఎక్కువ. ధ్వనికి రెట్టింపు వేగమునకు అవి అనువైనవి. దిగునప్పుడు మాత్రము గంటకు సుమారు 300 కిలోమీటర్ల వేగము లేనిదే బరువు మోయజాలవు. వేగము తగ్గించి ముక్కును మరీ ఎత్తుదమన్న, ఏ రెక్కకైనను ఒక హద్దు కలదు. అది దాటినచో పైగాలి రెక్కనంటి పోక విడిపోవును. యంత్రము నడుచుచుండగనే విమానము పడిపోవచ్చును.

మిగ్-23 రెక్కలు కీళ్లపై కదులును. దిగునప్పుడు చాచిన దాదాపు 14 మీటర్లు. అతివేగమున వెనుకకు ముడిచిన 8 మీటర్లకు లోపు. డేగ చేయునదియు ఇంచుమించు ఇదే. కాని డేగకు లేని చిక్కొకటి విమానమునకు కలదు: ఆ కీళ్లు, వానిని కదుపు యంత్రములు అదనపు బరువు. ఆ బరువును కూడ రెక్కలే మోయవలెను.